దిగే చోటేది? (గాలిదారుల చరిత్ర – 17వ భాగం)

గత భాగంలో సముద్రాల మీది దారుల దగ్గర ఆగాం. ఈ వారం కథలోకి వెళ్లేముందు ఒక చిన్న పని చేయండి. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే అటక మీంచి దించి దుమ్ము దులపండి. కాస్త దారం కావాలి. నేను వాడింది నర్సాపురం లేసు అల్లే తెల్లదారం. సన్నగా ఉంటుంది, సాగదు. ఒక కొసని భీమవరం మీద పెట్టి బొటనవేలితో నొక్కిపట్టండి. భీమవరం మీ గ్లోబు మీద ఉండదు, నాకు తెలుసు. విశాఖపట్నానికీ చెన్నైకీ మధ్య, తీరానికి ఆనుకుని పెన్నుతో ఒక చుక్క పెట్టుకోండి. రెండో కొసని అమెరికాలో డాలస్ దాకా లాగి బిగించండి. ఇప్పుడు దారం ఎటు పోయిందో చూడండి.

దుబాయ్ వైపు పోలేదు. లండన్ వైపూ పోలేదు. తిన్నగా ఉత్తరానికి లేచింది. నేపాల్, టిబెట్, సైబీరియా దాటి, గడ్డకట్టిన సముద్రం మీదికెక్కి, ఉత్తర ధ్రువానికి రెండు వందల కిలోమీటర్ల లోపు నుంచి అవతలికి జారి, కెనడా మీదుగా టెక్సస్‌లో దిగింది. కారణం లెక్కలో ఉంది. భీమవరం రేఖాంశం తూర్పున 81.5 డిగ్రీలు. దానికి సరిగ్గా వెనకవైపు రేఖ పడమట 98.5 డిగ్రీలు. రెండూ కలిపితే 180. ఆ వెనక రేఖ మీదే టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో ఉంది, దానికి కాస్త తూర్పుగా డాలస్. అంటే భీమవరం మావుళ్లమ్మ గుడి దగ్గర నిలబడి ముక్కుసూటిగా ఉత్తరానికి నడక మొదలుపెడితే, 8,170 కిలోమీటర్ల దగ్గర ధ్రువం తగులుతుంది. అక్కడా ఆగకుండా అలాగే పోతే శాన్ ఆంటోనియో వస్తుంది.

ఈ లెక్క తేలిన రోజు నేను చాలాసేపు గ్లోబు వదల్లేదు. మా వీధిలో పిల్లలు డాలస్‌లోనో, దాని పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోనో ఉన్న ఇళ్లు వేళ్లమీద లెక్కపెడితే చాలవు. సంక్రాంతికి వాళ్లు గల్ఫ్‌లో విమానం మారి, హైదరాబాద్‌లో దిగి, రాత్రంతా కారులో కునికిపాట్లు పడుతూ తెల్లారేసరికి ఊళ్లో ఉంటారు. తిన్నని దారి చూస్తే సుమారు 14,500 కిలోమీటర్లు. దాని మీద నేరుగా వచ్చే విమానం మాత్రం లేదు. బేరం గిట్టకపోవడం ఒక కారణం. ఆ కథ వేరు. నాకు పట్టుకున్న సందేహం ఇంకొకటి: అసలా దారిన పోనిస్తారా? ధ్రువం మీద ఎగరడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. ఉత్తర ధ్రువం మీద ఎగరకూడదన్న నిషేధం ఎక్కడా లేదు. ‘విమానాలు ధ్రువం మీదుగా ఎందుకు పోవో తెలుసా’ అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ ఒట్టి కోతలు. చట్టం ఎగరవద్దనదు, ఒక ప్రశ్న అడుగుతుంది. మధ్యలో దిగాల్సి వస్తే ఎక్కడ దిగుతావు, దిగిన జనాన్ని ఏం చేస్తావు? దీనికి కాగితం మీద జవాబు రాసిచ్చిన వాళ్లకే ఆ దారి. ఈ ప్రశ్న చట్టంలోకి ఎక్కడానికి 75 ఏళ్లు పట్టింది. ఆ 75 ఏళ్లే ఈ వారం కథ.

1926 మే 12న నార్వే వాడు అముండ్‌సెన్, అమెరికా వాడు ఎల్స్‌వర్త్, ఇటలీ వాడు నోబిలె కలిసి ‘నోర్గే’ అనే గాలి ఓడలో ధ్రువం దాటి, ఆ తర్వాత అలస్కా చేరారు. పొడుగాటి బుడగలాంటి ఓడ అది, కింద వేలాడే గదిలో మనుషులు. దిగాక అముండ్‌సెన్‌కీ నోబిలెకీ ఘనత ఎవరిదన్న దగ్గర చెడింది. రెండేళ్లకి నోబిలె సొంతంగా ‘ఇటాలియా’ అనే ఓడ కట్టుకుని మళ్లీ బయల్దేరాడు. 1928 మే 24న ధ్రువం చేరాడు. మర్నాడు తిరుగుదారిలో ఓడ మంచు మీద కూలింది. కింద గది విరిగి పదిమంది మంచు మీద పడ్డారు, వారిలో ఒకడు అక్కడికక్కడే చనిపోయాడు. బరువు తగ్గిన బుడగ మిగతా ఆరుగురితో సహా పైకి లేచి పోయింది. ఆ ఆరుగురి జాడ ఈనాటికీ లేదు.

మంచు మీద మిగిలినవాళ్ల దగ్గర ఒక చిన్న రేడియో ఉంది. రోజుల తరబడి మొత్తుకున్నా వెదికే ఓడలకి వినపడలేదు. చివరికి విన్నది రష్యాలో ఎక్కడో మారుమూల పల్లెలో, ఇంట్లో తయారుచేసుకున్న రేడియోతో కూచున్న ష్మిత్ అనే కుర్రాడు. అప్పుడు లోకమంతా కదిలింది. నోబిలెతో మాటలు లేని అముండ్‌సెన్ కూడా కదిలాడు. జూన్ 18న ఒక నీటివిమానంలో వెతకడానికి బయల్దేరాడు. ఆయన మళ్లీ రాలేదు. దక్షిణ ధ్రువం మీద మొదట కాలుపెట్టిన మనిషి అలా పోయాడు. నోబిలె బతికాడు. మంచు మీద మిగిలినవాళ్లని ‘క్రాసిన్’ అనే రష్యా మంచుకోత ఓడ జులైలో ఎక్కించుకుంది.

నన్నడిగితే ధ్రువ విమాన చట్టానికి మొదటి అక్షరం అక్కడే పడింది. కూలినవాళ్ల కంటే కాపాడబోయినవాళ్లకి ఎక్కువ ముప్పు ఉండే చోటు అది. ఆ సంగతి తెలిసింది కానీ దాన్ని నియమంగా రాసే తీరిక అప్పుడెవరికీ లేదు. అందరికీ రికార్డుల పిచ్చి.

1937లో ఆ పిచ్చి రష్యాకి పట్టింది. జూన్‌లో చ్కాలోవ్, మరో ఇద్దరు ఒకే ఇంజన్ ఉన్న విమానంలో మాస్కో నుంచి ధ్రువం మీదుగా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం దాకా 63 గంటలు ఎగిరారు. జులైలో గ్రోమోవ్ బృందం అదే దారిన కాలిఫోర్నియా చేరి, ఒక ఆవుల మేత బీట్లో దిగింది. మూడో ప్రయత్నం ఆగస్టు 12న. ఈసారి నాలుగు ఇంజన్ల పెద్ద విమానం, ఆరుగురు మనుషులు, నాయకుడు లెవనేవ్‌స్కీ. ధ్రువం దాటాక ఒక ఇంజన్ ఆగిపోయిందని కబురొచ్చింది. తర్వాత కబురు లేదు. నెలల తరబడి వెతికారు, వెన్నెల రాత్రుల్లో కూడా విమానాలు తిప్పారు. మేకు ముక్క దొరకలేదు. నాలుగు ఇంజన్లున్నా, ఒకటి ఆగాక దిగే చోటు లేకపోతే మిగతా మూడూ ఎందుకూ కొరగావని ఆ రోజు తెలిసినట్టే.

1944లో షికాగో ఒప్పందం వచ్చింది. ఆకాశానికి చట్టం అంటే ఇప్పటికీ అదే మూలం. దేశం నేల మీద ఎంత ఉందో పైన ఆకాశమూ అంతే దానిదని మొదటి నిబంధన. ఎవరి సొత్తూ కాని సముద్రం మీద మాత్రం అంతర్జాతీయ నియమాలు నడుస్తాయి. ఉత్తర ధ్రువం కింద నేల లేదు, ఉన్నది సముద్రమే. కాబట్టి ధ్రువానికి యజమాని లేడు. చిక్కంతా ధ్రువం చేరే దారితోనే. ఇటు నుంచి పోవాలంటే రష్యా ఆకాశం దాటాలి, అప్పట్లో రష్యా దాటనిచ్చేది కాదు.

అందుకని మొదటి ధ్రువ సర్వీసులు రష్యాని తప్పించుకుంటూ పోయాయి. 1954 నవంబర్ 15న స్కాండినేవియా ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగెన్ నుంచి లాస్ ఏంజెల్స్‌కి గ్రీన్‌లాండ్ మీదుగా నడిపింది. 1957 ఫిబ్రవరి 24న అదే సంస్థ కోపెన్‌హాగెన్ నుంచి ధ్రువం మీదుగా అలస్కాలో ఆగి టోక్యో చేరింది. యాభై గంటలు దాటే ప్రయాణం సుమారు 32 గంటలకి దిగింది. తర్వాత ముప్పై ఏళ్లు యూరప్ నుంచి జపాన్, కొరియా పోయేవాళ్లలో చాలామందికి అలస్కాలోని యాంకరేజ్ మజిలీ. మన రాజమండ్రి రైల్వే స్టేషన్లో బండి మారినట్టు.

ఇక్కడ దిక్సూచి సంగతి చెప్పాలి. అయస్కాంతపు ముల్లు చూపేది అయస్కాంత ధ్రువాన్ని. అది అసలు ధ్రువానికి ఎడంగా, కెనడా వైపు ఉండేది. (ఇప్పుడు రష్యా వైపు నడుస్తోంది.) మన ఊళ్లో ఆ తేడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. వాస్తు చూసే సిద్ధాంతి గారి దిక్సూచికి ఏ ఇబ్బందీ లేదు. పైకి పోయేకొద్దీ తేడా పదుల డిగ్రీలకి, ఒక్కోచోట వంద దాటి కూడా పెరుగుతుంది. ఎంత తేడానో పట్టికలో చూసుకుని కొన్నిచోట్ల కలపాలి, కొన్నిచోట్ల తీసెయ్యాలి.

1978 ఏప్రిల్ 20న కొరియా ఎయిర్‌లైన్స్ 902 పారిస్ నుంచి యాంకరేజ్ మీదుగా సోల్ వెళుతోంది. పాతకాలపు బోయింగ్ 707, లోపల 109 మంది. దారిని దానంతటదే లెక్కగట్టుకునే కొత్త యంత్రం అందులో లేదు. కెనడా ఉత్తరపు కొస దగ్గరికి వచ్చాక విమానం మెల్లిగా, చాలా పెద్ద మలుపు తిరిగింది. కలపాల్సిన చోట తీసెయ్యడమో, తీసెయ్యాల్సిన చోట కలపడమో జరిగిందన్నది ఎక్కువమంది చెప్పే కారణం. అలస్కా వైపు పోతున్నామనుకుంటూ తిన్నగా రష్యా వైపు పోయారు. లోపల జనానికి తెలియదు, భోజనాలు అయిపోయాయి, కిందంతా మంచు. ఏ మంచైనా పైనుంచి ఒకలాగే ఉంటుంది. రష్యా అణు జలాంతర్గాములు దాచుకునే కోలా ద్వీపకల్పం మీదికి పోయేసరికి యుద్ధవిమానం లేచింది. క్షిపణి తగిలి ఎడమ రెక్క కొస ఊడింది, ముక్కలు లోపలికి దూసుకొచ్చి ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. ఆ దెబ్బతిన్న విమానాన్ని పైలట్ చీకట్లో చాలాసేపు కిందకిందగా తిప్పి, గడ్డకట్టిన ఒక చెరువు మీద పొట్టతో దించాడు. 107 మంది బతికారు. దిగే చోటు లేని దేశంలో ఆయనకి చెరువు దొరికింది.

ఐదేళ్లకి, 1983 సెప్టెంబర్ 1న, అదే సంస్థ 007 విమానం యాంకరేజ్ నుంచి సోల్ పోతూ దారి తప్పి రష్యా మీదికి పోయింది. దాన్నీ కాల్చారు, అప్పుడు చెరువు దొరకలేదు. 269 మందీ పోయారు. జీపీఎస్‌ని మామూలు జనానికీ ఇస్తామని అమెరికా ప్రకటించింది ఆ దుర్ఘటన తర్వాతే. ఇవాళ మన చెరువుగట్టు మీద రొయ్యల లారీ డ్రైవర్ ఫోన్లో దారి చూసుకుంటున్నాడంటే దాని వెనక ఆ విమానం ఉంది. దిక్సూచి సమస్యకీ ఇప్పుడు మందుంది. బోయింగ్ 777 లాంటి విమానాలు ఉత్తరాన 82 డిగ్రీల అక్షాంశం దాటగానే అయస్కాంతాన్ని పక్కనపెట్టి అసలు ఉత్తరం లెక్కకి వాటంతటవే మారతాయి.

సోవియట్ యూనియన్ కూలాక దారులు తెరుచుకున్నాయి. 1998 జులైలో హాంకాంగ్ కొత్త విమానాశ్రయం తెరిచినప్పుడు కేథే పసిఫిక్ విమానం న్యూయార్క్ నుంచి ధ్రువం మీదుగా ఆగకుండా వచ్చి అక్కడ దిగింది. 2001 ఫిబ్రవరిలో రష్యా మీదుగా నాలుగు ధ్రువ దారులు లాంఛనంగా మొదలయ్యాయి. మార్చిలో అమెరికా విమానయాన శాఖ ధ్రువం మీద ఎగరడానికి షరతుల పత్రం విడుదల చేసింది. 2007లో అవే షరతులు పూర్తి చట్టంలోకి ఎక్కాయి. ఉత్తరాన 78 డిగ్రీలకి పైన, దక్షిణాన 60 డిగ్రీలకి కింద ఉన్నదంతా ధ్రువ ప్రాంతమని గీత గీసింది అక్కడే. గ్లోబు మీద మన దారం ఆ గీత దాటుతుందా అని చూశాను. భీమవరం నుంచి డాలస్ ఎటూ దాటుతుంది. షికాగో కొస పట్టుకున్నా 81 డిగ్రీల దాకా పోతుంది. శాన్ ఫ్రాన్సిస్కోకి మాత్రం 69 దగ్గరే తూర్పుకి ఒరుగుతుంది.

ఈ షరతుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంధనం సంగతి. మన పల్లెల్లో సంక్రాంతి నాటికి కొబ్బరినూనె సీసాలో పేరుకుంటుంది, ఎండలో పెడితే గానీ తలకి రాదు. విమానం కిరోసిన్‌కీ అదే గతి, కాకపోతే చాలా కిందికి పోయాక. మన దేశంలో పోసే జెట్ ఎ-1 మైనస్ 47 డిగ్రీల దాకా పేరుకోకూడదని ప్రమాణం. అమెరికాలో ఎక్కువగా పోసే జెట్ ఎ కి మైనస్ 40 దాకానే పూచీ. ఇక ధ్రువం పైన బయటి గాలి మైనస్ 65, ఒక్కోసారి ఇంకా కింద. మన భీమవరం నుంచి అమెరికా పోయే రొయ్య కంటెయినర్లో మైనస్ 18 దగ్గర పడుకుంటుంది. దానికే మనం రాయిలా ఉందంటాం. ఇంధనం ఉండేది రెక్కల్లో, చలి నేరుగా తగిలే చోట. గంటగంటకీ చల్లబడుతుంది. పేరుకునే అంకెకి మూడు డిగ్రీల పైనే ఉండాలని నియమం. దగ్గరపడితే పైలట్ కిందికి దిగాలి, పక్కకి తప్పుకోవాలి, లేదా వేగం పెంచాలి. వేగం పెంచితే గాలి రాపిడికి రెక్క కాస్త వేడెక్కుతుంది. అందుకే కొన్ని సంస్థలు బయల్దేరేముందు ట్యాంకులోని ఇంధనం నిజంగా ఎంత దగ్గర పేరుకుంటుందో పరీక్ష చేయించుకుంటాయి. ప్రమాణం 40 అన్నా అసలు సరుకు 43 దాకా తట్టుకోవచ్చు, ఆ మూడు డిగ్రీలే దారి మార్చకుండా కాపాడొచ్చు.

తర్వాత నేలతో మాట్లాడే సంగతి. భూమధ్యరేఖకి పైన నిలిచి ఉండే ఉపగ్రహాలు 82 డిగ్రీలు దాటాక అంచు వెనక్కి పోతాయి. అక్కడ మిగిలింది పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియో, ధ్రువాల మీదుగానే తిరిగే ఇరిడియం లాంటి చిన్న ఉపగ్రహాలు. సూర్యుడి మీద తుపాను లేస్తే ఆ రేడియో మూగబోతుంది, పైన ఎగిరేవాళ్లకి రేడియేషన్ కూడా పెరుగుతుంది. కాబట్టి బయల్దేరేముందు వానా గాలీ చూస్తే చాలదు, సూర్యుణ్ణి కూడా చూడాలి. 2005 జనవరిలో అలాంటి తుపాను వచ్చినప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 26 ధ్రువ విమానాల్ని కిందిదారులకి మళ్లించింది. మొన్నటిదాకా పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకునే మనకి ఇది వింతగా ఉండక్కర్లేదు.

చట్టంలో ఇంకో వాక్యం ఉంది. విమానంలో చలికి తట్టుకునే నిలువెత్తు దుస్తులు కనీసం రెండు జతలు ఉండాలి. మూడు వందల మంది ఉన్న విమానంలో రెండే జతలేమిటని మొదట నవ్వొచ్చింది. చదివితే అర్థమైంది. అవి ప్రయాణికుల కోసం కాదు. ఏ సైబీరియా మూలనో మైనస్ 40లో దిగాక, తలుపు తీసి మెట్లు దిగి, ఎదురుగా వచ్చినవాళ్లతో మాట్లాడి నిచ్చెన తెప్పించడానికి సిబ్బందిలో ఎవరో ఇద్దరు బయటికి పోవాలి కదా. ఆ ఇద్దరికి. రాసినవాడెవడో ఆ తలుపు దగ్గర తను నిలబడినట్టు ఊహించుకుని రాశాడు.

అన్నిటికంటే బరువైన షరతు చివరిది. దారి పొడుగునా ఎక్కడెక్కడ దిగొచ్చో ముందే ఎంచుకోవాలి. ఒక్కో చోట రన్‌వే ఒక్కటే చూసుకుంటే సరిపోదు. దించిన జనానికి కప్పు, తిండి, వైద్యం, వాళ్లని అక్కడి నుంచి తీసుకుపోయే ఇంకో విమానం, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఉత్తరాన 78 డిగ్రీలకి కాస్త పైనే నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్‌లో లాంగ్‌యియర్‌బియెన్ అనే ఊరుంది. జనాభా రెండున్నర వేలు, మా ఉండి రోడ్డు మీద ఒక చిన్న పేటంత. అలాంటి చోట ఒక్కసారిగా మూడు వందల మంది దిగితే? 2017 ఫిబ్రవరిలో స్విస్ సంస్థ బోయింగ్ 777 జ్యూరిక్ నుంచి లాస్ ఏంజెల్స్ పోతూ ఒక ఇంజన్ ఆగి, ఉత్తర కెనడాలోని ఇకాలుయిట్‌లో దిగింది. రన్‌వే బాగానే ఉంది. జనం మాత్రం విమానంలోనే గంటల తరబడి కూచున్నారు. న్యూయార్క్ నుంచి ఇంకో విమానం వచ్చి తీసుకుపోయింది.

దేశాల మధ్య కూడా పంపకాలయ్యాయి. ధ్రువానికి చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు గ్రీన్‌లాండ్‌లోని నూక్‌లో కూచుని, ఎక్కడ కూలితే ఎవరు వెతకాలో పటం మీద గీతలు గీసుకుని సంతకాలు చేశాయి. తేదీ 2011 మే 12. అముండ్‌సెన్, నోబిలె ధ్రువం దాటిన రోజుకి సరిగ్గా 85 ఏళ్లు. కావాలని పెట్టుకున్నారో కాకతాళీయమో గానీ, ఈ ఇద్దరి తగాదా తెలిసినవాడికి ఆ తేదీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

దక్షిణ ధ్రువం సంగతి వేరు, అక్కడ కింద నేల ఉంది, పెంగ్విన్లున్నాయి. 1959 ఒప్పందం ప్రకారం 60 డిగ్రీలకి కింద ఎవరి పెత్తనాన్నీ కొత్తగా ఒప్పుకోరు. మన దేశం 1983 ఆగస్టులో చేరింది. 2022లో మన పార్లమెంటు అంటార్కిటికా చట్టం చేసింది. పక్షులూ సీళ్లూ గుంపుగా ఉన్నచోట వాటిని బెదరగొట్టేలా హెలికాప్టర్ గానీ విమానం గానీ నడపడం దాని ప్రకారం నేరం. పక్షుల గుంపులకి 2,000 అడుగుల పైన ఉండాలన్నది ఒప్పంద దేశాలు 2004లో పెట్టుకున్న మార్గదర్శకం. కొల్లేరు కొంగల మీద డ్రోన్లు తిప్పే మన కుర్రాళ్లకి ఎవరైనా ఈ సంగతి చెబితే బాగుండు.

ఇక మనవాళ్ల దగ్గరికి వద్దాం. ధ్రువం మీదుగా ప్రయాణికుల్ని తీసుకెళ్లిన మొదటి భారతీయ సంస్థ ఎయిర్ ఇండియా. 2019 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోయే ఏఐ 173, 243 మందితో ఆ దారి పట్టింది. అంతకుముందు దాకా మనవాళ్లు అట్లాంటిక్ మీదుగానో పసిఫిక్ మీదుగానో పోయేవాళ్లు. అందరికీ గుర్తున్నది మాత్రం 2021 జనవరిలోది. 9న శాన్ ఫ్రాన్సిస్కోలో లేచిన ఏఐ 176 ధ్రువం మీదుగా సుమారు 16,000 కిలోమీటర్లు ఎగిరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. కాక్‌పిట్‌లో నలుగురూ ఆడవాళ్లే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవణె, శివానీ మన్హాస్. రెండో పేరు చదవగానే మన పేపర్లకి పండగైంది, నిజంగా పండగ నెలే అది. దారిలో కొంత చలికాలపు ధ్రువ చీకటి. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చే విమానాలు మోసేది మామూలుగా అమెరికా ఇంధనమే, మైనస్ 40 పూచీది. నాలుగు రోజులకి, జనవరి 15న, హైదరాబాద్–షికాగో నేరు విమానం కూడా మొదలైంది. ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగిస్తే 78 గీతకి ఇంచుమించు డిగ్రీ పైకి పోతుంది. గోదావరి జిల్లాల వాళ్లు హైదరాబాద్‌లో ఎక్కి మధ్యలో ఎక్కడా దిగకుండా అమెరికా పోయే వీలు దానితో వచ్చింది. ఎక్కువ కాలం నిలవలేదు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక, యూరప్, అమెరికా, కెనడా విమానాలకి రష్యా ఆకాశం మూతపడింది. ఫిన్‌ఎయిర్ అయితే టోక్యో పోవడానికి పాతకాలంలా రష్యాని చుట్టి ధ్రువం మీదికి ఎక్కింది. మన విమానాలకి ఆ మూత వర్తించలేదు. దారి మిగిలింది. దారిలో దిగే చోట్ల సంగతి మాత్రం చిక్కులో పడింది. ఎందుకంటే ఆ చోట్లు రష్యావి, విమానం అమెరికాలో తయారైంది, రష్యాకి అమెరికా విమాన విడిభాగాలు పోనివ్వని ఆంక్షలున్నాయి.

2023 జూన్ 6న ఆ చిక్కు నిజమైంది. మళ్లీ అదే ఏఐ 173, ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి. బోయింగ్ 777, 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఒక ఇంజన్‌లో చమురు ఒత్తిడి పడిపోయింది. పైలట్లు రష్యా తూర్పుకొసన ఉన్న మగదాన్‌లో దించారు. అది 78 గీతకి చాలా కింద, ధ్రువ ప్రాంతం కిందికి రాదు. కానీ చట్టం అడిగే ప్రశ్నలన్నీ ఆ రెండు రోజుల్లోనూ వరసగా వచ్చాయి. విమానం క్షేమంగా దిగింది, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. హోటళ్లు చాలలేదు. ఎయిర్ ఇండియా మనుషులు ఆ ఊళ్లో లేరు. కొందరిని వసతి గృహాల్లో, కొందరిని బళ్లో పెట్టారు. తరగతి గదుల్లో బల్లలు పక్కకి జరిపి నేల మీద పరుపులేశారు. ముసలివాళ్లున్నారు, పసిపిల్లలున్నారు, మందులు సామాన్లలో ఉండిపోయిన వాళ్లున్నారు, అక్కడి తిండి పట్టని వాళ్లున్నారు, భాష అందరికీ కొత్తే. అమ్మానాన్నల్ని మొదటిసారి అమెరికా విమానం ఎక్కించిన ఏ కొడుకైనా ఆ రాత్రి ఫోన్ పట్టుకుని ఎలా కూచుని ఉంటాడో మన ఊళ్లో వేరే చెప్పనక్కర్లేదు.

అమెరికా ప్రభుత్వం తమ పౌరులున్నారని గమనిస్తూ కూచుంది. ముంబయి నుంచి ఇంకో 777, తిండి సామగ్రితో, సాయం చేసే మనుషులతో బయల్దేరింది. జూన్ 8 పొద్దున మగదాన్‌లో దిగి, అందర్నీ ఎక్కించుకుని ఆ పూటే లేచింది. తేదీరేఖ దాటడం వల్ల శాన్ ఫ్రాన్సిస్కోలో దిగినప్పుడు కూడా తారీఖు 8నే, అర్ధరాత్రి దాటి కొద్ది నిమిషాలు. మరుసటి ఏడాది, 2024 జులై 18న, ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానమే ఇంకొకటి సరకుల గదిలో లోపం ఉందన్న సంకేతంతో రష్యాలోని క్రస్నొయార్స్క్‌లో దిగింది. ఈసారి 225 మంది ప్రయాణికులు, 19 మంది సిబ్బంది. మళ్లీ ముంబయి నుంచే ఇంకో విమానం వెళ్లి తెచ్చింది.

వచ్చే వారం గ్లోబు తిరగేసి దక్షిణానికి పోదాం. 1979 నవంబర్ 28న న్యూజీలాండ్ నుంచి అంటార్కిటికా చూపించడానికి బయల్దేరిన విహార విమానం ఎరెబస్ కొండని కొట్టుకుంది. అందులో 257 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. అప్పటిదాకా దారం గ్లోబు మీదే ఉంచండి.

(సశేషం)